మూడు ఊటల నాటకం

నడి ఆస్ట్రేలియా ఎడారిలో ఉన్న మా ఊరు నైన్ మైల్ బోర్‌లో చిన్న విమానం ఆగి ఫెర్గస్ దిగినప్పుడు అతని వెంట వెండి రంగు పెట్టెలు ఏడు దిగాయి. స్కూల్ బస్సు డ్రైవర్ని కాబట్టి వాటిని మోసింది నేనే. ఒకదాంట్లో డ్రోన్, మూడింట్లో పెద్ద తెర ముక్కలు, ఒకదాంట్లో శాటిలైట్ డబ్బా, ఇంకోదాంట్లో కళ్ళకి కట్టుకుని బొమ్మలు చూసే నల్ల గంతలు, అన్నిటికంటే బరువైన దాంట్లో కాఫీ మిషన్. మెల్‌బోర్న్ నుంచి ఎనిమిది వారాలు ఉందామని వచ్చాడు. మా పిల్లల చేత మా కథని నాటకంగా ఆడించి, కంప్యూటర్లతో బొమ్మలూ వెలుగులూ జోడించి, మాకే చూపిస్తాడట, దాన్ని సినిమాగా కూడా తీస్తాడట. విద్యాశాఖ వాళ్ళు పంపారు. మేం అడగలేదు.

బస్సెక్కుతూనే, "ఆహా, ఇక్కడి నిశ్శబ్దం ఎంత లోతుగా ఉంది లెస్టర్!" అన్నాడు. ఊరి జనరేటర్ చెడిపోయింది కాబట్టి నిశ్శబ్దంగా ఉంది. స్నానానికని కుళాయి తిప్పి, చుక్క నీళ్ళు రాకపోతే గాని ఆ సంగతి అతనికి తెలియలేదు.

అతను ఎంచుకున్న కథ అక్కాచెల్లెళ్ళది. అది నేను చెప్పకూడదు, నాది కాదు. వినడానికి అందరిదీ, చెప్పడానికి మాత్రం ఒక్కరిదే. పైపైన తెలిసినంత వరకు చెప్తాను. అక్కాచెల్లెళ్ళు ఇద్దరు పడమటి నుంచి తూర్పుకి నడుస్తారు. మజిలీ చేసిన చోటల్లా ఇసక తవ్వి నీళ్ళు తీస్తారు. అలా పదకొండు ఊటలు. పదకొండో చోట చెల్లెలు అక్క వచ్చేదాకా ఆగకుండా ముందే తాగేస్తుంది. అక్క ఏమీ అనదు. తిరిగి చూడకుండా వెళ్ళిపోతుంది. చెల్లెలు అక్కడే రాయిగా ఉండిపోతుంది. ఆ పదకొండు పేర్లూ వరసగా చెప్పడమే అసలు కథ, మిగతాదంతా పిల్లలకి నిద్ర రాకుండా ఉండటానికి. వరస తెలిసిన మనిషి, మాకు నడి వేసవైన జనవరి ఎండలో కూడా ఆ దారిన నడిచి ప్రాణాలతో బయటపడతాడు. ఒకప్పుడు అలా బయటపడ్డవాళ్ళ మనవలే ఇవాళ మా ఊళ్ళో సగం మంది.

ఆ కథ చెప్పే హక్కున్న పెద్ద, నా భార్య ఆడ్రీ వాళ్ళమ్మ. ఆమె పేరు నా నోట రాదు, రాకూడదు. మా ఆదివాసుల్లో అత్తా అల్లుడూ ఒకరి మొహం ఒకరు చూడరు, ఒకరితో ఒకరు మాట్లాడరు. సిగ్గు అంటాం దాన్ని. మొహమాటం కాదు, ఒకరికొకరు ఇచ్చుకునే పెద్ద గౌరవం. పద్దెనిమిదేళ్ళుగా దుకాణంలోకి వెళ్ళే ముందు కిటికీలోంచి తొంగి చూడటం నాకు అలవాటు. ఆమె పూల గౌను అంచు కనపడితే పని మానుకుని బస్సులో కూర్చునేవాణ్ణి. వేటాడిన ప్రతిసారీ కంగారూ తోక ఆమెకే పంపాను. బాగాలేదని ఒక్కసారి కబురు రాలేదు. ఇంత చక్కటి సంబంధం నాకు ఇంకెవరితోనూ లేదు, ఆడ్రీతో సహా. మొహం తెలియకపోయినా గొంతు మాత్రం తెలుసు. గోడ అవతల ఆమె ఎవరినైనా కడిగేస్తుంటే ఊరంతా వినపడేది, కుక్కలు కూడా తోక ముడిచేవి.

మూడేళ్ళ కిందట ఆమెకి కిడ్నీలు పోయాయి. నాలుగు వందల కిలోమీటర్ల అవతల ఆలిస్ పట్నం ఆసుపత్రిలో, వారానికి మూడు రోజులు డయాలసిస్ కుర్చీలో కూర్చుంటుంది. ఈ చలికాలంలో డాక్టర్ ఇక ప్రయాణాలు వద్దని తేల్చేశాడు. అంటే ఆమె మళ్ళీ ఊరికి రాదు. కథేమో ఇంకా ఎవరికీ అప్పగించలేదు.

అప్పగించాలనుకున్నది నా కూతురు తమీకాకి. పదిహేనేళ్ళది. అమ్మమ్మ కుర్చీలో ఉన్న గంటలన్నీ ఫోన్ చెవికి ఆనించుకుని నేర్చుకుంది. కానీ నేర్చుకున్నంత మాత్రాన కథ చేతికి రాదు. ఆ నేల మీద నిలబడి చెప్పాలి. పెద్ద వినాలి. ఊరు చూడాలి. ఈ మూడూ ఒకేసారి జరగాలి. జరగకుండా పెద్ద కన్ను మూస్తే కథని మూసేస్తారు. ఆ తర్వాత ఎంత తెలిసినా ఎవరూ నోరెత్తకూడదు. పదకొండు ఊటలూ ఇసక కింద అలాగే ఉంటాయి, దారి మాత్రం ఉండదు.

నేల ఇక్కడ, పెద్ద అక్కడ. దానికి దారి కనిపెట్టింది తమీకాయే.

"నాన్నా, ఫెర్గస్ సర్ దగ్గర శాటిలైట్ లైనుందిగా. నాటకం రోజు అమ్మమ్మని టాబ్లెట్‌లో పెడితే? అమ్మ పట్టుకుని ముందు కూర్చుంటది. ఊరంతా ఉంటారు. అప్పుడే చెప్పేస్తా."

"మరి నేనెక్కడ కూర్చోవాలే?"

"నువ్వు వెనక గోడకేసి తిరిగి కూర్చో. నీకు అలవాటేగా!"

ఎనిమిది వారాల్లో ఆ ఏడు పెట్టెలకీ పనికొచ్చే పని ఒక్కటి దొరికింది. అది కూడా ఒక పిల్ల బుర్రలోంచి. ఫెర్గస్‌తో చెబితే రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని, "ఎంత అందమైన ఆలోచన!" అన్నాడు. ఆ మనిషికి అందంగా కనపడనిది ఏమీ లేదు. మా చెత్త కుప్పకి కూడా ఫోటో తీశాడు.

నాకు ఒళ్ళు మండటం మొదలైంది రిహార్సల్స్‌లో. ఒకరోజు పిల్లల్ని దింపి లోపలికి వెళ్తే, పదకొండు ఊటలు మూడయ్యాయి.

"మిగతా ఎనిమిదీ ఏవయ్యా?" అన్నాను.

"పదకొండు చాలా ఎక్కువ లెస్టర్. పేర్లు వరసగా చదివితే జనానికి విసుగు. మూడైతే మనసులో నిలుస్తుంది. ఒకటి బాల్యం, ఒకటి బాధ, ఒకటి స్వస్థత."

"అవి నీళ్ళయ్యా బాబూ!"

"అవును, నీళ్ళంటే అదే కదా," అన్నాడు, నేనేదో గొప్ప మాట అన్నట్టు కళ్ళు మూసుకుని.

ఇలాంటి వాడితో ఏం వాదిస్తాం? మెల్‌బోర్న్‌లో వాళ్ళింటికి వెళ్ళే దారి చెప్పమని, సగం సందులు తీసేసి, బాగా మనసులో నిలిచింది సర్ అంటే తెలిసొచ్చేది. అంతటితో ఊరుకోలేదు. ముగింపులో ఆశ లేదట. అందుకని అక్క వెనక్కి తిరిగి వచ్చి చెల్లెల్ని కౌగిలించుకుంటుంది. కంప్యూటర్ బొమ్మల్లో ఇసకలోంచి నీళ్ళు ఇంటెత్తున ఎగజిమ్ముతాయి. ఆకాశంలో నీలం వెలుగుతో పక్షులు లేస్తాయి. ఆ పక్షులు మా దగ్గర లేవు. అలాంటివి ఎక్కడా లేవు. నీళ్ళు అలా గాల్లోకి పారబోసినవాణ్ణి మా తాతలైతే కర్రతో కొట్టేవాళ్ళు.

ఇదంతా చూసి నేనేం చేశాను? అనుమతి పత్రం మీద సంతకం పెట్టాను. లైను అతని చేతిలో ఉంది, కూతురికి ఆ లైను కావాలి. ఫెర్గస్ మీద ఎంత కోపమో, ఆ రోజు పెన్ను అందుకున్న నా చేతి మీద కూడా అంతే.

తమీకా మాత్రం నిదానంగా ఉంది. "అరవకు నాన్నా. రిహార్సల్‌లో ఆయన మూడూ చెప్తా. ఆ రోజు అమ్మమ్మ పదకొండూ చెప్తా. మధ్యలో వచ్చి నోరు మూస్తాడా ఏంటి?"

ఆ మాట నేను కూడా నమ్మాను.

నాటకం రోజు పొద్దున్న పదిన్నరకి బాస్కెట్‌బాల్ రేకుల షెడ్డులో ఊరంతా చేరింది. ముసలమ్మలు దుప్పట్లు పరుచుకుని కింద కూర్చున్నారు, పక్కన కుక్కలు. కుర్చీల్లో విద్యాశాఖ నుంచి కార్లలో వచ్చిన ముగ్గురు, కొత్త టోపీలతో. పట్నం నుంచి రావాల్సిన ఫెర్గస్ సహాయకుడి విమానం దుమ్ము గాలి వల్ల ఎగరలేదు. శాటిలైట్ డబ్బాకి కరెంటిచ్చే ప్లగ్గేమో వదులుగా ఉంది, ముట్టుకుంటే ఊడుతోంది.

"లెస్టర్, నువ్వు దేవుడివి. ఈ ప్లగ్ మీద కాలు అదిమి పట్టుకుని నిలబడతావా? ముప్పావు గంటే. కాలు తీస్తే లైను పోతుంది."

తెరకి ఎదురుగా, జనానికి కాస్త పక్కగా అతని బల్ల. దాని పక్కన కాలు అదిమి నిలబడ్డాను. తమీకా తెర ముందుకొచ్చి ఇసకలో చెప్పులు విప్పింది. షెడ్డు కింద సిమెంటే అయినా, వేదిక దగ్గర మాత్రం మా కుర్రాళ్ళు ఊటల వైపు నుంచి ట్రక్కులో ఇసక తెచ్చి పోశారు. అది నేను చేయించిన పని. ఎనిమిది వారాల్లో నేను చేసిన మంచి పని అదొక్కటే.

"ఒక చిన్న కానుక!" అన్నాడు ఫెర్గస్ మైకులో. మీట నొక్కాడు.

టాబ్లెట్‌లో అరచెయ్యంత ఉండాల్సిన ఆమె, తెర మీద ఇద్దరు మనుషులెత్తున వచ్చింది.

ఏం చూశానో చెప్పను. రెప్పపాటే. ఒళ్ళంతా నిప్పంటుకున్నట్టయింది. గిర్రున వెనక్కి తిరిగి చొక్కా కాలరు తల మీదికి లాక్కున్నాను. కాలు మాత్రం ప్లగ్ మీదే ఉంది, అందుకని నడుము ఒక పక్కకి, మోకాలు ఇంకో పక్కకి మెలిపడ్డాయి. ముసలమ్మలు ముందు అమ్మో అన్నారు, తర్వాత దుప్పట్లలో మొహాలు దాచుకుని నవ్వారు.

నా బావమరిది ఎల్టన్ గుమ్మం దగ్గర్నుంచి వంగి పరుగెత్తుకొచ్చి నా పక్కన కూలబడ్డాడు. ఆమె కొడుకే కాబట్టి వాడికి చూడటానికి అడ్డు లేదు.

"బావా, కదిలావంటే మా అమ్మ పోద్ది! లైన్లోంచి అంటున్నా!"

"నోరు మూసుకోరా."

ఫెర్గస్ నా చెవి దగ్గరికొచ్చాడు. "లెస్టర్, ఏమైంది? ఒంట్లో బాగోలేదా?"

"ఆమెను నేను చూడకూడదు. చిన్నగా పెడతానన్నావు."

"కానీ ఆవిడ ఇక్కడ లేరు కదా! నాలుగు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. అవి ఒట్టి చుక్కలు. వెలుగు చుక్కలు."

"చుక్కలేనా? అయితే మీ అత్తగారి చుక్కల ముందు బట్టలు విప్పి నిలబడు, చూద్దాం."

అతనికి అర్థం కాలేదు. కాదని నాకు తెలుసు. మా ఆచారాల మీద ఆరు పుస్తకాలు చదివానని మొదటి రోజే చెప్పాడు. ఆరు చదివినా సిగ్గు అనేది కిలోమీటర్ల లెక్కన తగ్గదని తెలియలేదు.

అలా నాటకం మొత్తం తెరకి వీపు పెట్టి చూశాను. చూశానంటే, చూస్తున్నవాళ్ళని చూశాను. నా ఎదురుగా ఊరి మొహాలు ఉన్నాయి. వెనక నుంచి తమీకా గొంతు.

మొదటి ఊట పేరు చెప్పింది. ముసలమ్మలు తల పంకించారు. రెండోది, మూడోది. గొంతు స్థిరంగా ఉంది, కానీ ఒక చెవిలో ఫెర్గస్ పెట్టిన పరికరం ఏదో చెబుతూనే ఉంది. తెర మీద అమ్మమ్మ పక్కనే బొమ్మలు వాటి లెక్కన అవి పరుగెడుతున్నాయని ఎల్టన్ చెప్పాడు. నాలుగోది చెప్పాల్సిన చోట ఆగింది. ఆగి, బొమ్మ వెంటపడి ఎక్కడికో గెంతింది. ఎనిమిదో ఊట పేరు చెప్పింది.

నా ఎదురుగా నములుతున్న నోళ్ళన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆడ్రీ కళ్ళు మూసుకుంది. నూట ముప్పై కిలోమీటర్ల దారిలో నా కూతురు నాలుగు మజిలీలు ఎగరగొట్టింది.

అప్పుడే పైన స్పీకర్లలోంచి ఆ గొంతు దూసుకొచ్చింది. ఒక్క ముక్కే, "ఏయ్—" అని. చెవులు మూసుకుందామనుకునే లోపే ఆగిపోయింది. ఫెర్గస్ వేలు మీట మీద ఉంది.

"పాపం, ఆవిడ కంగారు పడ్డట్టున్నారు. ప్రదర్శన మధ్యలో మాట్లాడకూడదని ఎవరూ చెప్పినట్టు లేదు," అని గుసగుసలాడాడు.

కథకి పెద్దని, కథ మధ్యలో మాట్లాడకూడదని నోరు నొక్కాడు. తప్పు దొర్లిన చోట ఆపడమే కథకి పెద్దయిన మనిషి పని. ఆపకపోతే ఆమె వచ్చి ఉపయోగం ఏమిటి? అల్లుడిగా ఆ గొంతు నా చెవిన పడకపోవడం నాకు ఊరటే. తండ్రిగా ఆ క్షణాన ఆ వేలు విరిచేద్దామనిపించింది. కాలేమో ప్లగ్ మీద ఉంది.

"అమ్మ నోరు నొక్కేశాడ్రా వీడు," అన్నాడు ఎల్టన్. "పెదాలు ఆడతన్నయ్యి. నర్సుని తిడతంది. ఫోన్ని తిడతంది... ఆగాగు. ఓరి నాయనో! చెయ్యి పైకి తీసింది బావా."

మాలో మొగుడు పోయిన ఆడది నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి నోరు విప్పదు. చేతులతోనే సంసారం నడుపుతుంది. వంట, బేరం, పిల్లల పెంపకం, తగాదా అన్నీ చేతి మాటల్లోనే. ఊళ్ళో పాకే పిల్ల దగ్గర్నుంచి అందరికీ ఆ భాష వచ్చు. ఆమె ఇద్దరు మొగుళ్ళని సాగనంపిన మనిషి. ఒక చేతికి సూదులూ గొట్టాలూ ఉన్నా, రెండో చెయ్యి ఖాళీగానే ఉంది. మీట నొక్కి ఆమెను ఆపగలనని ఫెర్గస్ అనుకున్నాడు.

"ఏమంటోందిరా?"

"'ఎటు పోతన్నావే? వెనక్కి రా. అక్కడ చచ్చిపోతావ్.' అదే మళ్ళీ మళ్ళీ అంటంది."

తమీకా ఆగిపోయింది. ఫెర్గస్ తన మైకులో, "తమీకా, బాగా చేస్తున్నావు, కౌగిలింత దగ్గరికి వెళ్ళిపో," అన్నాడు.

"చెవిలోది పీకేసింది," అన్నాడు ఎల్టన్. "కింద పెట్టింది."

మొదటి నుంచి మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ముసలమ్మల పెదాలు తమీకాతో పాటు కదులుతున్నాయి, బయటికి శబ్దం లేదు. అయిదు, ఆరు. ఈలోగా పైన బొమ్మల్లో కౌగిలింత అయిపోయింది, నీళ్ళు ఎగజిమ్మాయి. నాటకం ముగిసిందనుకుని టోపీల వాళ్ళు ముగ్గురూ లేచి చప్పట్లు కొట్టారు. వెనక నుంచి ఒక ముసలమ్మ, "కూకోండయ్యా, పిల్ల ఇంకా సగం దారిలో ఉంది," అని కసిరింది. కూర్చున్నారు.

ఆరు తర్వాత ఎనిమిది అంది తమీకా.

"మళ్ళీ చెయ్యి లేచింది," అన్నాడు ఎల్టన్. "'చేదు నీళ్ళు ఏవే?' అంటంది."

ఏడోది చేదు ఊట. అక్కడి నీళ్ళు తాగకూడదు. తాగకూడదని తెలియడానికే దాని పేరు చెప్పాలి. రిహార్సల్‌లో ఒకసారి ఎవరో ఆ సంగతి చెప్తే, పిల్లల నాటకంలో అంత చేదు వద్దన్నాడు ఫెర్గస్. ఆ మాట పిల్ల బుర్రలో ఎక్కడో అంటుకుని ఉండాలి.

"పిల్ల ఏడుస్తోందా?" అన్నాను.

"లేదు. ముక్కు తుడుచుకుంది. నుంచుంది."

"తిరిగి చూడనా?"

"చూశావంటే నేనే తంతా. కాలు జాగ్రత్త."

ఫెర్గస్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "ఇక లైను కట్ చేయాలి లెస్టర్. ఇది ఆ అమ్మాయికి అవమానం. ఆవిడ అందరి ముందూ బిడ్డను అవమానిస్తున్నారు. కాలు తీసెయ్."

"తియ్యను."

"లెస్టర్!"

"నీకు ముప్పావు గంట కాలు పెడతానన్నాను. ఇంకా పది నిమిషాలుంది. పెడతాను."

మూడోసారి మొదలుపెట్టింది. ఈసారి గొంతు పెద్దగా లేదు, వేగంగా లేదు. నడుస్తున్న మనిషి మాట్లాడినట్టు ఉంది. మూడు దగ్గర ఆగలేదు. ఆరు దాటింది. చేదు నీళ్ళ పేరు, ఆ ఒక్కటీ కొంచెం గట్టిగా చెప్పింది. ఎనిమిది, తొమ్మిది, పది. నా కాలికి తిమ్మిరి ఎక్కి నడుం దాకా పాకింది. పదకొండు. చెల్లెలు తాగింది. అక్క తిరిగి చూడలేదు. అయిపోయింది.

అందరి కళ్ళూ నా తల మీదుగా పైకి చూస్తున్నాయి. ఎల్టన్ కూడా నాకు చెప్పడం మానేసి అటే చూస్తున్నాడు. అప్పుడు ముందు వరసలో ఒక ముసలమ్మ చెయ్యి మెల్లగా లేచి, వేళ్ళు ముడుచుకుని, తెరుచుకున్నాయి. పక్కనామె చెయ్యి లేచింది. ఆ తర్వాత ఆడ్రీది. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళు కూడా ఒక చెయ్యి ఖాళీ చేసుకుని ఎత్తారు. 'తీసుకో' అని దాని అర్థం. నేను చూడకూడని చెయ్యి ఏమందో నాకు ఊరంతా తన చేతుల్తో చూపించింది. కళ్ళు తుడుచుకోవడానికి కూడా వీల్లేనట్టు మెలిపడి ఉన్నాను.

నా కాలు దానంతటదే జారింది. లైను పోయింది. పోయినా పర్వాలేదు.

ఆ సాయంత్రం ఫెర్గస్ పెట్టెలు సర్దుకుంటూ నాతో సరిగ్గా మాట్లాడలేదు. "బాధపడకు లెస్టర్. ఎడిటింగ్‌లో కాపాడుకోవచ్చు," అని మాత్రం అన్నాడు. నేను బాధపడుతున్నానని అతనికి ఎవరు చెప్పారో! పెట్టెలు మళ్ళీ నేనే మోశాను. కాఫీ మిషన్ని మాత్రం కావాలనే తలకిందులుగా పెట్టాను.

నెల తర్వాత సినిమా వచ్చింది. లింకు పంపాడు. వంటింట్లో తమీకా ఫోన్‌లో చూశాం. అందులో అమ్మమ్మ లేదు. కోసి పారేశాడు. అందుకే నేను చూడగలిగాను. నా కూతురు కథ చెబుతుండగా నేను కళ్ళారా చూసింది అదొక్కటే, అది కథే కాదు. మూడు ఊటలు ఉన్నాయి. తర్వాత తమీకా వెనక్కి తిరిగి ఎవరినో కౌగిలించుకుంది. "క్షమించడమే నీళ్ళు," అంది, అచ్చం తన గొంతుతోనే.

"ఇదెప్పుడన్నావే?" అన్నాను.

"నేనెక్కడన్నా? అది నేను కాదు." ఫోన్ దగ్గరగా పెట్టుకుని ఇంకోసారి చూసింది. "నా మొహం పెట్టి మిషన్‌తో చేయించాడు. గొంతు కూడా. చేతులు చూడు, ఆరు వేళ్ళున్నయ్యి."

ఆడ్రీ పొయ్యి మీద రొట్టె తిప్పుతూ ఒక బూతు మాట అంది. మామూలుగా అనదు.

మర్నాడు మధ్యాహ్నం ఫెర్గసే ఫోన్ చేశాడు. సినిమాకి పట్నంలో ఏదో బహుమతి వచ్చేట్టుందట, దానికి ఒక సంతకం తక్కువైందట. తమీకా స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచింది.

"కథ యజమాని అనుమతి కావాలి తమీకా. మీ అమ్మమ్మగారికి ఒక ఫారం పంపిస్తాను, ఆసుపత్రిలో నర్సు సాయం చేస్తుంది."

"అమ్మమ్మకి పంపకండి సర్. కథ ఇప్పుడామెది కాదు."

"ఓ! మరి ఎవరిది?"

"నాది. మీ కళ్ళ ముందే ఇచ్చిందిగా."

చప్పట్లు కొట్టాల్సిన చోట తల పట్టుకున్న సంగతి ఫెర్గస్‌కి ఇప్పుడు గుర్తొచ్చి ఉంటుంది. మళ్ళీ సంతోషం తెచ్చుకున్నాడు. "అద్భుతం! అయితే ఇంకా సులువు. నువ్వే సంతకం చేసెయ్."

"చేస్తా. ముందు పేర్లు చెప్పండి."

"ఏ పేర్లు?"

"ఊటలవి. వరసగా. ఎనిమిది వారాలున్నారు కదా."

ఫెర్గస్ నవ్వాడు. తమీకా నవ్వలేదు. దాంతో గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. మొదటిది చెప్పాడు. రెండోది చెప్పాడు. మూడోది కొంచెం వంకరగా చెప్పాడు, అయినా తమీకా ఊఁ అంది.

"నాలుగోది?"

"తమీకా, చూడు, మనం ముఖ్యంగా తెలుసుకోవాల్సింది ఏంటంటే..."

"నాలుగోది సర్."

"నాకు గుర్తు లేదు."

"మూడో దాని దగ్గర్నుంచి రెండు రోజుల నడక. మధ్యలో నీళ్ళు లేవు. మీకు దారి తెలియదు." నెమ్మదిగా, గొంతు కాస్త కూడా పెంచకుండా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "మీరు అక్కడే చచ్చిపోయారు సర్. చచ్చినవాళ్ళ కాగితాలకి నేను సంతకం పెట్టను. ఆ సినిమాలోంచి నా మొహం తీసెయ్యండి, నా గొంతు తీసెయ్యండి. నా కథ అందులో ఎలాగూ లేదు. ఉంటా."

ఫోన్ పెట్టేసింది.

ఆ గొంతు నేను ఎరుగుదును. పద్దెనిమిదేళ్ళు గోడల అవతల నుంచి విన్నాను. మాట విడదీయడం కూడా అదే. నేను అనుకోకుండానే నా తల వంగిపోయింది, మొహం గోడ వైపు తిరిగింది. ఎదురుగా కూర్చున్నది నా కూతురే, అయినా అటు చూడటానికి ధైర్యం చాలలేదు. టీ కప్పు తీసుకుని, ఎవరికీ అడ్డు రాకుండా గోడ వారగా నడిచి, బయట బస్సులో కూర్చున్నాను.